ఎత్తిపోతల మీదుగా నాగార్జునకొండకు



ఎండాకాలంలో పల్నాడు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. వాతావరణ వార్తలు వచ్చినప్పుడల్లా రెంటచింతల పేరు వినపడుతూనే ఉంటుంది. చేలు బీటలు వారతాయి. వాగులు ఇసక తేలతాయి. పదింటికల్లా బజారులో మనిషి కనపడడు. అలాంటి రోజుల్లో కూడా ఆ రెంటచింతలకు పెద్ద దూరం కాని ఎత్తిపోతల దగ్గర 70 అడుగుల ఎత్తు నుంచి నీళ్ళు పడుతూ కనిపించడం కద్దు. మొదటిసారి చూసినవాళ్ళకు అబ్బురంగా ఉంటుంది. వాన లేదు, పైన వాగులో తడి లేదు. మరి ఈ నీళ్ళెక్కడివి?

కాలవవి. నాగార్జునసాగర్ కుడికాలవ నుంచి ఈ ఏటిలోకి నీళ్ళు వదులుతారు, చూడవచ్చేవాళ్ళు వట్టి బండలు చూసి తిరిగిపోకుండా. ఆ మాట చెవిన పడగానే కొందరి మొహం చిన్నబోతుంది. "అయితే ఇది నిజం జలపాతం కాదన్నమాట" అంటారు. కాదని ఎలా అంటాం? ఏరు నిజం, బండ నిజం, పడుతున్న నీళ్ళూ నిజమే. వచ్చిన దారి ఒక్కటే వేరు.

ఈ చుట్టుపక్కల చూడదగినవి చాలా వాటికి ఇదే వరస. ఇక్కడ నీళ్ళను దారి మళ్ళించారు. గుళ్ళను, విహారాలను రాయి రాయీ విప్పి వేరే చోట కట్టారు. ఊళ్ళను లేపి ఇంకో చోట పెట్టారు. ఇవన్నీ ఒక్క ఆనకట్ట కోసం జరిగాయి. ఆ సంగతి మనసులో పెట్టుకుని, కారు దిగి, కాలినడకన ఈ నేల చూడమని చెప్పడానికే ఈ పూట మీ ముందుకు వచ్చాను.

ముందు దూరాలు చెబుతాను. ఎత్తిపోతల నుంచి సాగర్‌కు దాదాపు 11 కిలోమీటర్లు. సాగర్ కుడిగట్టు మీద విజయపురి సౌత్ అనే ఊరుంది, అక్కడివాళ్ళు రైట్ బ్యాంక్ అనే అంటారు. అక్కడి నుంచి, మునిగే కట్టడాలు కొన్నింటిని తెచ్చి మళ్ళీ కట్టిన అనుపుకు మరో 8 కిలోమీటర్లు. నాగార్జునకొండ నీళ్ళ మధ్య ఉంది కాబట్టి దానికి లాంచీ తప్ప గతి లేదు. నడక అలవాటున్నవాళ్ళు రెండు రోజులు పెట్టుకుంటే హాయిగా సాగుతుంది. అలవాటు లేనివాళ్ళు ఊరికీ ఊరికీ మధ్య ఆటో ఎక్కండి, ఎవరూ ఏమీ అనుకోరు. చేరిన చోట మాత్రం తీరిగ్గా నడవండి. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. ఒక్క హెచ్చరిక: దారికి రెండు పక్కలా కనిపించే అడవి చాలావరకు నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యానికి చెందినది, లేదా దాన్ని ఆనుకుని ఉన్నది. అడ్డదారి బాగుందని లోపలికి దిగవద్దు. రోడ్డు మీదే నడవండి.

ఇక ఎత్తిపోతల. ఇక్కడ పడే ఏరు చంద్రవంక. నల్లమల వైపు నుంచి వచ్చి, మాచర్లను ఒరుసుకుని, ఇక్కడికి చేరుతుంది. నక్కలవాగు, తుమ్మలవాగు కూడా వచ్చి ఇందులో కలుస్తాయి. మూడు వాగుల నీళ్ళూ ఒక్క అంచు మీదికి చేరి, పాయలు పాయలుగా లోయలోకి దూకుతాయి. పర్యాటక శాఖవాళ్ళు ఎదురు కొండ మీద వ్యూ పాయింట్ కట్టారు. చాలామంది అక్కడ నిలబడి ఫోటో దిగి వెళ్ళిపోతారు. ఫోటోకి అది మంచి చోటే. కానీ అక్కడి నుంచి చూస్తే జలపాతం చిన్నదిగా, శుభ్రంగా, కేలెండరు మీద బొమ్మలా కనిపిస్తుంది. చప్పుడు కూడా సగమే వినపడుతుంది.

కాస్త పక్కకు నడిచి రాతి పొరలు చూడండి. ఎవరో పలకలు తెచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టినట్టు ఉంటాయి. కడప నుంచి పల్నాడు దాకా ఈ నేలంతా ఒకప్పుడు సముద్రపు అడుగు. కోట్ల ఏళ్ళ పాటు పేరుకున్న మట్టీ ఇసకా సున్నమూ గట్టిపడి ఈ పొరలయ్యాయి. ఇళ్ళలో పరుచుకునే నాపరాయి కూడా ఈ కుటుంబంలోదే. కొంచెం పచ్చదనం కలిసిన తెల్లటి సున్నపురాయి ఒకటి ఈ ప్రాంతంలో దొరుకుతుంది. దాన్ని ఇక్కడ గుర్తు పెట్టుకోండి. రేపు నాగార్జునకొండ మ్యూజియంలో మీరు చూడబోయే బొమ్మలు దాదాపు అన్నీ దానిలో చెక్కినవే.

కింద మడుగులోకి దిగి స్నానం చేద్దామనే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. అందులో మొసళ్ళున్నాయి. ఏవో దారి తప్పి వచ్చినవి కావు, ప్రభుత్వమే ఇక్కడ మొసళ్ళ పెంపక కేంద్రం పెట్టింది. మెట్లు దిగి వెళితే దత్తాత్రేయుడి గుడి ఉంది. లంబాడీ కుటుంబాలకు ఇది చాలా కావలసిన చోటు. జనం వచ్చే రోజున వెళితే, కొండ మీద సెల్ఫీలు తీసుకునే గుంపుకీ, కింద కొబ్బరికాయలు కొట్టి, తలనీలాలిచ్చి, చెట్టు కింద వంట చేసుకునే గుంపుకీ సంబంధమే ఉండదు. ఒకే జలపాతానికి వచ్చినవాళ్ళు వీళ్ళంతా. నన్నడిగితే, పైనున్నవాళ్ళ కంటే కిందివాళ్ళకే ఈ చోటు ఎక్కువ తెలుసు. పైనున్నవాళ్ళు అరగంటలో వెళ్ళిపోతారు.

వానాకాలంలో లెక్క మారుతుంది. మూడు వాగులూ పొంగితే కాలవ అవసరమే ఉండదు. నీళ్ళు ఎర్రగా, మట్టి కలిసి, కొమ్మలూ ఆకులూ లాక్కుంటూ పడతాయి. అప్పుడు అందం తక్కువ, భయం ఎక్కువ. మిగతా రోజుల్లో పడే తెల్లటి తేట నీళ్ళు ఎక్కువ పాలు కాలవ చలవే.

ఆ నీళ్ళ ప్రయాణం చూడండి ఎంత వింతగా ఉందో. మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణ సాగర్ ఆనకట్ట దగ్గర ఆగుతుంది. అందులో కొంత కుడికాలవలో పడుతుంది. ఆ కాలవ నీళ్ళలో కాస్త చంద్రవంకలోకి వదిలితే ఎత్తిపోతలలో దూకి, మరో మూడు కిలోమీటర్లు వెళ్ళి మళ్ళీ కృష్ణలోనే కలుస్తుంది, ఈసారి ఆనకట్టకు దిగువన. అంటే ఎత్తిపోతల దగ్గర నిలబడి మీరు చూస్తున్నది చంద్రవంక ఒడిలో పడుతున్న కృష్ణ. ఆనకట్టను చుట్టి దొడ్డిదారిన ఇంటికి వెళ్ళిపోతున్న కృష్ణ.

ఎత్తిపోతల నుంచి సాగర్ దాకా రోడ్డు గురించి ఎక్కువ చెప్పను. మంచి రోడ్డే, లారీలు ఎక్కువ, నీడ తక్కువ. తెల్లవారుజామునే బయల్దేరితే ఎండెక్కకముందే చేరతారు. సీతాఫలాల కాలమైతే కొండల నుంచి కోసుకొచ్చిన కాయలు దారి పక్కన గంపల్లో పెట్టి అమ్ముతుంటారు. గట్టికాయలు కొని సంచిలో వేసుకోకండి, నడకలో అవి పండవు, నలుగుతాయి. పండ్లు కొని అక్కడే కూర్చుని తినండి.

సాగర్ ఆనకట్ట గురించి మీకు పాఠాల్లో చెప్పే ఉంటారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలవలకు నీళ్ళు వదిలారు. కుడికాలవకు జవహర్ పేరు, ఎడమకాలవకు లాల్ బహదూర్ పేరు పెట్టారు. ఈ ప్రాజెక్టు కోసం ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ తిరిగిన తిరుగుడు పాతతరం వాళ్ళు కథలుగా చెప్పుకునేవారు. నేను చెప్పదలచుకున్నది వేరే. ఇది సిమెంటు కాంక్రీటుతో పోసిన గోడ కాదు, రాతికట్టడం. రాయి మీద రాయి పేర్చి 124 మీటర్ల ఎత్తు లేపారు. యంత్రాలు తక్కువ. సరుగుడు కర్రల పరంజా మీద, తల మీద తట్టలతో, పాలమూరు నుంచీ ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీలు వేలమంది కట్టారు. 26 గేట్లు ఎత్తిన రోజున జనం గేట్లనే చూస్తారు. మీరు గోడ చూడండి. ఆ రాళ్ళన్నీ మనిషి చెయ్యి పడినవి.

ఈ ఆనకట్ట వెనక నిలిచిన నీళ్ళ అడుగున ఒక రాజధాని ఉంది.

మూడు పక్కలా నల్లమల కొండలు, నాలుగో పక్క కృష్ణ. ఆ మధ్య ఉన్న లోయలో సాతవాహనుల తరవాత ఇక్ష్వాకు రాజులు విజయపురి అనే నగరం కట్టుకుని క్రీస్తుశకం మూడో శతాబ్దంలో ఏలారు. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు మొదటివాడు, తరవాత ఆయన కొడుకు వీరపురుషదత్తుడు, మనవడు ఎహువుల శాంతమూలుడు. వంద ఏళ్ళ వైభవం. ఆ తరవాత నగరం పోయింది, పేరు కూడా పోయింది. అడవి కమ్మింది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఇక్కడ ఒక పాత స్తంభం చూసి ప్రభుత్వానికి తెలియజేశారు. మద్రాసు శాసన విభాగంలో పనిచేసే సరస్వతిగారు వచ్చి చూశారు. మరుసటి ఏడు నుంచి పురావస్తు శాఖకు చెందిన లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు మొదలుపెట్టారు. ఇంత పెద్ద చరిత్ర ఒక పల్లెటూరి మేష్టారి కంటబడి బయటికి వచ్చిందంటే నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

ఆయన చెప్పి ముప్పై ఏళ్ళు కూడా గడవకముందే ఆనకట్ట ఖాయమైంది. లోయ మునుగుతుంది. గడువు పెట్టుకుని తవ్వవలసి వచ్చింది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ లోయ మొత్తం గాలించింది. రాతియుగపు పనిముట్లు, పెద్దరాళ్ళ సమాధులు, ముప్పైకి పైగా బౌద్ధ నిర్మాణాలు, శివుడికీ కార్తికేయుడికీ కట్టిన గుళ్ళు, స్నానఘట్టాలు, రాజుగారి కోట, చివరికి అశ్వమేధం చేశాక అవభృథ స్నానం చేసిన కోనేరు. దొరికినవన్నీ కొలిచి, బొమ్మలు గీసి, ముఖ్యమైనవాటిని ఊడదీసి ఒడ్డుకు చేర్చారు. కొన్నింటిని నాగార్జునకొండ శిఖరం మీదికి ఎక్కించారు. కొన్ని అనుపుకు వచ్చాయి.

కాబట్టి అనుపుకు వెళ్ళినప్పుడు ఈ సంగతి మరిచిపోవద్దు. మీరు నిలబడ్డ చోట ఇక్ష్వాకుల నాటి జనం నిలబడలేదు. మీ కాళ్ళ కింద ఉన్న రాళ్ళ మీద నిలబడ్డారు.

అనుపులో మొదట కనిపించేది రంగస్థలం. మధ్యలో దీర్ఘచతురస్రంగా ఒక గొయ్యి, సుమారు 54 అడుగుల పొడవు, 45 అడుగుల వెడల్పు. దానికి నాలుగు పక్కలా మెట్లు మెట్లుగా కూర్చునే వరసలు. ఇటుకతో కట్టి, పైన సున్నపురాతి పలకలు పరిచారు. వాననీళ్ళు పోవడానికి తూము కూడా ఉంది. మన దేశంలో ప్రాచీన కాలపు ఇలాంటి కట్టడాలు బహు అరుదు. ఇక్కడ ఏం జరిగేది? కుస్తీలా, నాటకాలా, సంగీతమా, వాదాలా? పండితులు ఒక్క మాట మీద లేరు. నాకు మాత్రం ఆ గొయ్యి కొలతలు చూస్తే కుస్తీకే సరిపోయినట్టు అనిపిస్తుంది. వచ్చినవాళ్ళు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి, పైమెట్టు దాకా ఎంత బాగా వినపడుతోందో అని మెచ్చుకుంటారు. మీరూ కొట్టండి, తప్పులేదు. అసలు కట్టడం వెనకున్న కొండ వేరు, ఇప్పుడున్న కొండ వేరు అన్నది మాత్రం గుర్తుంచుకుని ఇక్ష్వాకుల శబ్దశాస్త్రాన్ని పొగడండి.

కట్టుబడిని దగ్గరగా చూడండి. పాత రాయి రంగు వేరు, అరిగిన తీరు వేరు. కొత్తగా అతికిన చోట అంచు సూటిగా ఉంటుంది. ఇటుకలు కూడా అంతే, సాతవాహన, ఇక్ష్వాకు కాలపు ఇటుక మన ఇటుకకు రెండింతల పైన ఉంటుంది. ఎక్కడ పాతది ఆగి కొత్తది మొదలైందో వెతకడం ఒక ఆట. పిల్లలు వెంట ఉంటే వాళ్ళకు ఆ పని అప్పగించండి, ఎండ సంగతి మరిచిపోతారు.

రంగస్థలానికి కొంచెం అవతల విశ్వవిద్యాలయం అని పిలిచే శిథిలాలున్నాయి. ఆ పేరు నాకు నచ్చదు. అక్కడ ఉన్నది విహారం. మధ్యలో స్తంభాల మండపం, చుట్టూ భిక్షువుల గదులు, స్తూపం, చైత్యగృహం. చదువు చెప్పుకునేవారు, సందేహం లేదు. దేశదేశాల నుంచి భిక్షువులు వచ్చేవారు, శాసనాలే చెబుతున్నాయి. అయినా విశ్వవిద్యాలయం అనగానే మన కళ్ళ ముందు పరీక్షలూ పట్టాలూ కదులుతాయి. ఒక గదిలోకి వెళ్ళి గోడల మధ్య నిలబడి చూడండి. ఒక మనిషి చాప పరుచుకుని పడుకోవడానికి, పక్కన భిక్షాపాత్ర పెట్టుకోవడానికి సరిపోతుంది. ఆ కొలత చూస్తే వాళ్ళ బతుకు అర్థమైనట్టు ఏ బోర్డు చదివినా అర్థం కాదు.

పైన కొండవాలులో హారీతి గుడి ఉంది. ఎక్కడానికి బద్ధకించకండి. హారీతి కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆమె యక్షిణి. అయిదు వందల మంది పిల్లల తల్లి. ఊళ్ళో పరాయి బిడ్డలను ఎత్తుకుపోయి తినేది. బుద్ధుడు ఆమె కడగొట్టు బిడ్డను దాచేశాడు. ఆమె గుండెలు బాదుకుని వెతికింది. "అయిదు వందల్లో ఒక్కడు పోతేనే ఇంత దుఃఖమా? ఒక్కడే ఉన్న తల్లి సంగతేమిటి?" అని అడిగాడు. అప్పటి నుంచి ఆమె పిల్లల్ని కాచే తల్లి అయింది. బిడ్డలు కావాలనేవాళ్ళూ, ఉన్న బిడ్డలు బతకాలని కోరుకునేవాళ్ళూ ఆ కాలంలో ఈ మెట్లెక్కి ఉంటారు. మన ఊరి పొలిమేరలో ఉన్న అమ్మవార్లకు ఈమె ఎంత దూరపు చుట్టమో మీరే ఆలోచించుకోండి.

మర్నాడు లాంచీ. శుక్రవారం మ్యూజియం ఉండదు, ఆ రోజు పెట్టుకోవద్దు. లాంచీ వేళలు నీటిమట్టాన్ని బట్టీ, గాలిని బట్టీ, జనాన్ని బట్టీ మారుతుంటాయి. ముందురోజే రైట్ బ్యాంక్ లాంచీ స్టేషన్లో కనుక్కోండి. ప్రయాణం ముప్పావుగంట పైనే. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళల్లో కొడుతుంది, టోపీయో తువ్వాలో ఉండాలి.

దీవి అంటున్నాం గానీ, అది ఒకప్పుడు లోయలోంచి లేచిన కొండ. నీళ్ళు నిండితే శిఖరం మిగిలింది. దాని మీద రెడ్డి రాజుల కాలం నాటి కోటగోడ ఉంది. లాంచీ దిగి కోట వాకిలి దాటి లోపలికి నడిస్తే, కింద లోయలో దూరదూరంగా ఉండిన కట్టడాలన్నీ ఇక్కడ పక్కపక్కన కనిపిస్తాయి. అసలు చోట ఒకదాని నుంచి ఒకదానికి వెళ్ళాలంటే చాలా నడవాలి. ఇక్కడ చెట్ల మధ్య పది అడుగులేస్తే చాలు. నడిచేవాడికి ఇది సుఖమే కానీ, నగరం ఎంత పెద్దదో తెలియకుండా పోతుంది. ఆ లోటు తీరాలంటే మ్యూజియంలో లోయ నమూనా ముందు కాసేపు నిలబడాలి.

మహాచైత్యం దగ్గర ఆగండి. పునాది పైనుంచి చూస్తే బండిచక్రంలా ఉంటుంది. మధ్యలో బొడ్డు, దాన్నుంచి బయటికి ఆకులు, చుట్టూ పట్టా. ఆకుల మధ్య మట్టి నింపి పైన గుమ్మటం లేపారు. అసలు స్తూపం అడ్డుకొలత 106 అడుగులు. అందులో దొరికిన బంగారు భరిణెలో చిన్న ఎముక ముక్క ఉంది. అది ఇప్పుడు ఇక్కడ లేదు, సారనాథ్‌లో మూలగంధకుటీ విహారంలో ఉంది. అదీ చోటు మారిందే.

ఈ మహాచైత్యం కట్టించింది రాజు కాదు. శాంతమూలుడి చెల్లెలు శాంతిశ్రీ. ప్రాకృత శాసనాల్లో చాంతిసిరి. వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో స్తూపానికి ఆయక స్తంభాలు నిలబెట్టి, వాటి మీద తన దానం రాయించింది. ఆమె అన్న అశ్వమేధం, వాజపేయం చేసిన వైదికుడు. ఇంట్లో ఆడవాళ్ళు బౌద్ధానికి విహారాలు కట్టించారు. ఈ లోయలో దానశాసనాలు చదువుతూ పోతే రాణులు, రాజుగారి అక్కచెల్లెళ్ళు, మేనకోడళ్ళు, సామాన్య ఉపాసికలు వరసగా కనిపిస్తారు. అందరిలోకీ నాకు ఇష్టమైన ఆవిడ బోధిశ్రీ. రాచబిడ్డ కాదు, ఒక ఉపాసిక. చిన్న ధర్మగిరి మీద సింహళం నుంచి వచ్చిన థేరుల, అంటే పెద్ద భిక్షువుల, కోసం చైత్యగృహం కట్టించింది. కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగం, వనవాసి, యవన, ద్రవిడ దేశాలకు ధర్మం పంచినవాళ్ళని ఆ థేరులను పొగిడించింది. అక్కడితో ఆగలేదు. తాను ఎక్కడెక్కడ మండపం కట్టించిందో, ఎక్కడ చెరువు తవ్వించిందో జాబితా కూడా చెక్కించింది. కృష్ణ ఒడ్డున ఒక గృహిణి చైనా పేరు రాతి మీద రాయించిందంటే, ఆ నాటి విజయపురికి ప్రపంచం ఎంత దగ్గరో తెలుస్తుంది. కోటలో దొరికిన ఒక స్తంభం మీద పొడవు కోటు, కోసు టోపీ తొడుక్కున్న శక సైనికుడు ఉన్నాడు, చూడండి. ఈ ఎండలో ఆ కోటు వేసుకుని కాపలా ఎలా కాశాడో.

మ్యూజియంలో జాతక కథలు చెక్కిన ఫలకాల దగ్గర అందరూ ఆగుతారు. ఆగవలసిందే. దానితో పాటు ఛాయాస్తంభాలను వదలకండి. పోయినవాళ్ళ జ్ఞాపకానికి నిలబెట్టిన రాళ్ళివి. శాంతమూలుడు పోయాక అంతఃపుర స్త్రీలు నిలబెట్టినది ఒకటి. సేనానులకు ఉన్నాయి, యుద్ధంలో పడిన బంట్లకు ఉన్నాయి, ఒక శిల్పికి కూడా ఉంది. రాజుకు నిలబెట్టినట్టే రాయి చెక్కేవాడికీ రాయి నిలబెట్టిన ఊరిది. ఇదే పల్నాట్లో, దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ తరవాత, కారంపూడిలో నాగులేటి ఒడ్డున పల్నాటి యుద్ధంలో పడిన వీరులకు గుడి కట్టి, నేటికీ కార్తీకంలో ఆరాధన చేస్తున్నారు. ఒకదాని నుంచి ఇంకొకటి వచ్చిందని నేను అనను. మధ్య ఎంతో కాలం గడిచింది. పోయినవాడికి రాయి నిలబెట్టే బుద్ధి ఈ నేలకు కొత్త కాదని మాత్రం అంటాను.

ఇంకొక మాట. రాళ్ళను ఎంత జాగ్రత్తగా కదిలించారో బోర్డుల మీద రాసి ఉంది. లోయలో మనుషులు కూడా ఉండేవారు. పుల్లారెడ్డిగూడెం అనే ఊరు ఉండేది. చుట్టూ చెంచులు, లంబాడీల తండాలు. తవ్వకాలకు కూలికి వెళ్ళిందీ, మట్టి మోసిందీ ఆ చుట్టుపక్కలవాళ్ళే. తరవాత లేచి వెళ్ళిపోవలసి వచ్చిందీ వాళ్ళే. వాళ్ళ ఇళ్ళ నమూనా ఏదీ కొండ మీద లేదు. ఒక్క పల్లెటూరి ఇంటిని, ఒక పొయ్యిని, ఒక గాదెను, ఒక పశువుల కొట్టాన్ని కూడా విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. రెండువేల ఏళ్ళు పాతది కాకపోతే పాతది కాదా?

సాయంత్రం లాంచీ దిగి, బస్సెక్కి మాచర్ల రండి. బండి ఎక్కేలోగా లక్ష్మీ చెన్నకేశవస్వామి గుడికి వెళ్ళే వీలుంటుంది. మధ్యాహ్నం గుడి మూసి ఉంటుంది కాబట్టి సాయంత్రమే మేలు. చంద్రవంక ఒడ్డునే ఉంది, నిన్న మీరు ఎత్తిపోతలలో చూసిన ఏరే. పల్నాటి బ్రహ్మనాయుడి పేరుతో ముడిపడిన గుడి ఇది. అన్ని కులాలవాళ్ళనూ ఒక్క బంతిన కూర్చోబెట్టి చాపకూడు పెట్టించినవాడనీ, మాల కన్నమదాసును కొడుకుగా చూసుకుని సేనాపతిని చేసినవాడనీ పల్నాడు ఆయన్ను తలుచుకుంటుంది. ఆయన్ను గొప్పవాడనేవాళ్ళూ, ఆయన ప్రత్యర్థి నాగమ్మ పక్షం మాట్లాడేవాళ్ళూ ఇప్పటికీ ఉన్నారు. మాచర్లలో టీ కొట్టు దగ్గర ఈ మాట ఎత్తకండి, బండి తప్పిపోతుంది.

ఈ గుడిని ఎవరూ విప్పలేదు, ఎక్కడికీ మోయలేదు. రోజూ పూజలు జరిగే గుడి కాబట్టి ట్యూబులైట్లూ, మైకులూ, దాతల పేర్లు చెక్కిన పాలరాతి పలకలూ వచ్చి చేరాయి. కొండ మీద చూసిన కట్టడాల శుభ్రత ఇక్కడ ఉండదు. నూనె మరకలుంటాయి, పసుపు ఉంటుంది. పలకల మీద పేర్లు చదువుతూ వెళ్ళండి. ఫలానావారు తమ తల్లిదండ్రుల జ్ఞాపకార్థం ఇంత ఇచ్చారని, ఫలానా ఆవిడ ఈ అరుగు కట్టించిందని ఉంటుంది. బోధిశ్రీ రాయించుకున్నదీ ఈ మాటలే, ప్రాకృతంలో.

మాచర్ల నుంచి గుంటూరు వైపు రైలుంది. ఆనకట్ట రాకముందు లోయ చూడడానికి వచ్చేవాళ్ళు ఈ స్టేషన్లోనే దిగి, ఎడ్లబండి మాట్లాడుకుని, మిగతా దారి నడిచి వెళ్ళేవారు. వెళ్ళేముందు రైళ్ళ వేళలు ఒకసారి సరిచూసుకోండి.